ఆగినచోట నిలిచే మోటారు: లీనియర్ యాక్సిస్‌లకు మోటారు ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో ఒక చిన్న షెడ్డులో యంత్రాలు కట్టే పని నాది. కరీంనగర్ వైపు గ్రానైట్ పలకల మీద పేర్లు చెక్కే యంత్రాలు, తలుపుల మీద నగిషీ దించే, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ రౌటర్లు, ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థుల ప్రాజెక్టులు నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. ఇవన్నీ ఒక గీత వెంట జరిగి (ఆ కదలికనిచ్చే ఏర్పాటునే లీనియర్ యాక్సిస్ అంటారు), చెప్పినచోట ఆగి, అక్కడే నిలబడవలసిన యంత్రాలే. వాటికి మోటారు ఎంచుకునే సమయంలో నన్ను పదే పదే అడిగిన ప్రశ్నలకు జవాబులను ఇక్కడ రాస్తున్నాను. లెక్కలున్నచోట అంకెలు కూడా ఇచ్చాను కనుక, మీ యంత్రం అంకెలు వాటి స్థానంలో పెట్టి చూసుకోవచ్చు.

మోటారు స్థానాన్ని నిలబెట్టుకోవాలి అంటే సరిగ్గా ఏం కావాలి?

ఈ ఒక్క మాటలో మూడు వేర్వేరు అవసరాలు కలిసి ఉంటాయి. వాటిలో తమకు ఏది కావాలో తేలకముందే చాలామంది ధర దగ్గరికి వెళ్లిపోతారు. మొదటిది, కరెంటు ఉండగా బరువు లాగినా, కోత సాధనం నెట్టినా బల్ల, అంటే మోటారు జరిపే భాగం, కదలకుండా ఉండడం. రెండోది, కరెంటు పోయినా, ఎమర్జెన్సీ బటన్ నొక్కినా ఉన్నచోటి నుంచి జారకుండా ఉండడం. మూడోది, ఏదైనా బలం నెట్టివేసినప్పుడు యంత్రం ఆ సంగతి గ్రహించి తిరిగి తన చోటికి రావడం, రాలేని పక్షంలో పని ఆపి తెలియజేయడం. మామూలు స్టెప్పర్ మోటారు, అంటే అందిన ఒక్కో విద్యుత్ పల్సుకు ఒక్కో చిన్న స్టెప్పు తిరిగేది, మొదటి అవసరాన్ని చౌకగా తీరుస్తుంది, రెండోదాన్ని దాదాపు తీర్చదు, మూడోదాని జోలికే పోదు. తన స్థానాన్ని తానే చూసుకుంటూ సరిదిద్దుకునే సర్వో మోటారు మొదటిదాన్నీ మూడోదాన్నీ తీరుస్తుంది గానీ, కరెంటు పోయిన మరుక్షణం దాని షాఫ్ట్ చేత్తో తిప్పితే తిరుగుతుంది. రెండో అవసరం తీరేది స్క్రూ వల్లనో బ్రేక్ వల్లనో తప్ప మోటారు వల్ల కాదు. అందుకే నా దగ్గరికి వచ్చినవారిని నేను మొదట అడిగే ప్రశ్న మోటారు గురించి కాదు, కరెంటు పోతే ఆ యాక్సిస్ ఏం చేయాలని మీరు కోరుకుంటున్నారన్నది.

మోటారు ముందు కొనేసి, స్క్రూ సంగతి తర్వాత చూసుకోవచ్చా?

కొనవచ్చు, కానీ సాధారణంగా రెండుసార్లు కొనవలసి వస్తుంది. బల్ల మీద పడే బలాన్ని మోటారు నేరుగా మోయదు, స్క్రూ ద్వారానో బెల్టు ద్వారానో మోస్తుంది. అందులో ముఖ్యమైన అంకె లీడ్, అంటే స్క్రూ ఒక చుట్టు తిరిగితే నట్ జరిగే దూరం. లీడ్ తగ్గితే మోటారు మీద భారం తగ్గుతుంది, పట్టు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. పెరిగితే ఈ మూడూ తలకిందులవుతాయి.

మార్కెట్లో సులభంగా దొరికే 8 మి.మీ. వ్యాసపు లీడ్ స్క్రూనే తీసుకోండి. పైకి ఒకేలా కనిపించే రెండు రకాలు ఉంటాయి. ఒకటి చుట్టుకు 8 మి.మీ. జరుగుతుంది, రెండోది 2 మి.మీ. మాత్రమే జరుగుతుంది. మొదటిదాని మర వాలు సుమారు 20 డిగ్రీలు, రెండోదానిది 5 డిగ్రీల పైచిలుకు. గ్రీజు పూసిన కంచు నట్‌కూ స్టీలు స్క్రూకూ మధ్య ఉండే రాపిడి సుమారు 6 నుంచి 11 డిగ్రీల వాలు వరకే ఆపగలదు. కనుక 8 మి.మీ. లీడ్ ఉన్న స్క్రూ నిలువుగా ఉంటే బరువుకు తనంతట తానే తిరుగుతుంది, 2 మి.మీ. లీడ్ ఉన్నది ఆగుతుంది. ఆగుతుందన్నది కూడా నిశ్చలంగా ఉన్న యంత్రానికే వర్తిస్తుంది. పక్కన కంప్రెసర్ ఆడుతుంటే ఆ అదురుకు అది కూడా మెల్లగా దిగవచ్చు. నట్‌లో ఉక్కు గుండ్లు దొర్లే బాల్ స్క్రూ విషయంలో ఈ సందేహమే లేదు. దాని సామర్థ్యం 90 శాతం ప్రాంతంలో ఉంటుంది కాబట్టి మోటారు స్క్రూను ఎంత సులువుగా తిప్పుతుందో, బరువు కూడా దాన్ని దాదాపు అంత సులువుగానే తిప్పుతుంది. బాల్ స్క్రూ పెట్టి, బ్రేక్ లేకుండా, కరెంటు లేనప్పుడు కూడా నిలబడాలని ఆశించడం న్యాయం కాదు.

ఎంత టార్క్, అంటే తిప్పే బలం, కావాలో లెక్క ఎలా కట్టాలి?

గ్రానైట్ చెక్కే యంత్రంలో నిలువు యాక్సిస్‌ను, అంటే అందరూ జెడ్ అని పిలిచేదాన్ని ఉదాహరణగా తీసుకుందాం. స్పిండిల్ (సాధనాన్ని తిప్పే మోటారు), దాని క్లాంపు, అవి బిగించిన ప్లేటు అన్నీ కలిపి 10 కిలోలు అనుకుంటే కిందికి లాగే బలం 98 న్యూటన్లు. స్క్రూ 16 మి.మీ. వ్యాసం, 5 మి.మీ. లీడ్ ఉన్న బాల్ స్క్రూ, అంటే దుకాణాల్లో 1605 అని అడిగేది. పైకి ఎత్తడానికి కావలసిన టార్క్ కోసం బలాన్ని మీటర్లలో లీడ్‌తో గుణించి, 6.28తోనూ సామర్థ్యంతోనూ భాగించాలి. 98ని 0.005తో గుణించి, 6.28తోనూ 0.9తోనూ భాగిస్తే 0.087 న్యూటన్ మీటర్లు వస్తుంది. కదలకుండా నిలబెట్టడానికి ఇంతకన్నా తక్కువ చాలు, ఎందుకంటే అప్పుడు రాపిడి మనవైపు పనిచేస్తుంది. సామర్థ్యంతో భాగించడానికి బదులు గుణిస్తే 0.07 వస్తుంది.

ఈ అంకె చూసి చాలామంది ఆశ్చర్యపోతారు, ఎందుకంటే అదే యంత్రానికి మేము 1.8 న్యూటన్ మీటర్ల, నెమా 23 సైజు స్టెప్పర్ మోటారు బిగిస్తాము. మిగిలిన టార్క్ అంతా ఎక్కడికి పోతోందన్న సందేహం సహజమే. కొంత కోత బలానికి పోతుంది. కొంత మోటారు రోటార్‌నూ స్క్రూనూ వేగం అందుకునేలా చేయడానికి పోతుంది. ఎక్కువ భాగం వేగం పెరిగేకొద్దీ స్టెప్పర్ తనంతట తానే పోగొట్టుకుంటుంది. నిలబడి ఉన్నప్పుడు 1.8 ఉన్న మోటారు నిమిషానికి వెయ్యి చుట్ల దగ్గర అందులో చిన్న భాగమే ఇవ్వగలదు, ఆ భాగం ఎంతన్నది పవర్ సప్లై వోల్టేజీ మీద ఆధారపడుతుంది. కాబట్టి ఎంపిక నిలబెట్టే టార్క్ మీద కాకుండా, మీకు కావలసిన గరిష్ఠ వేగం దగ్గర మిగిలే టార్క్ మీద జరగాలి. మోటారు తయారీదారు ఇచ్చే వేగం–టార్క్ గ్రాఫులో ఆ వేగం దగ్గర కనిపించే విలువ, మీ లెక్కకు కనీసం రెట్టింపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. గ్రాఫు ఇవ్వని మోటారును నేను జెడ్‌కు వాడను.

పెట్టె మీద రాసిన హోల్డింగ్ టార్క్‌ను నమ్మవచ్చా?

నమ్మవచ్చు, కానీ అది ఏ పరిస్థితిలో కొలిచినదో తెలుసుకుని నమ్మాలి. రెండు కాయిల్స్‌లోనూ పూర్తి రేటెడ్ కరెంటు ఇచ్చి, ఆగి ఉన్న షాఫ్ట్ పట్టు తప్పేముందు తట్టుకునే గరిష్ఠ టార్క్‌ను కొలిచిన విలువ అది. మోటారుకు కరెంటు పంపే డ్రైవర్‌లో కరెంటు తక్కువగా పెట్టి ఉంటే ఆ విలువ మీకు రాదు. డీఎం542 తరహా డ్రైవర్లలో నాలుగో స్విచ్ ఆఫ్‌లో ఉంటే, పల్సులు ఆగిన కొద్దిసేపటికే కరెంటు సగానికి పడిపోతుంది, దానితోపాటు పట్టు కూడా దాదాపు సగమవుతుంది. వేడి తగ్గించడానికి పెట్టిన ఏర్పాటే అది, మంచిదే. అయితే నిలబడి ఉన్నప్పుడే బలం తట్టుకోవలసిన యాక్సిస్‌లో ఆ స్విచ్ ఏ వైపు ఉందో చూసుకోకుండా మోటారును తిట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను.

నెమా 23 అన్న మాటలో టార్క్ గురించి ఏమీ లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 23 అంటే ముందు పలక సుమారు 2.3 అంగుళాల భుజం ఉన్న చదరమని, బిగించే రంధ్రాలు దానికి తగినట్టు ఉంటాయని మాత్రమే అర్థం. అదే పలకతో ఒక న్యూటన్ మీటర్ లోపు మోటారూ ఉంటుంది, మూడు దాటినదీ ఉంటుంది. తేడా పొడవులో కనిపిస్తుంది.

కరెంటు ఇచ్చి ఉన్నా స్టెప్పర్ షాఫ్ట్ చేతికి కొంచెం కదులుతోంది. మోటారు చెడిపోయిందా?

చెడిపోలేదు. స్టెప్పర్ పట్టు మేకు కొట్టినట్టు ఉండదు, గట్టి స్ప్రింగు బిగించినట్టు ఉంటుంది. బయటి బలం పెరిగేకొద్దీ షాఫ్ట్ తన అసలు స్థానం నుంచి కొద్దిగా పక్కకు వంగుతుంది, బలం తీసేస్తే వెనక్కి వస్తుంది. ఒక్కో పూర్తి స్టెప్పుకు 1.8 డిగ్రీలు తిరిగే మోటారులో హోల్డింగ్ టార్క్‌లో సగం భారం పడితే ఈ వంపు 0.6 డిగ్రీలు, పూర్తి భారం పడితే 1.8 డిగ్రీలు, అది దాటితే పట్టు తప్పుతుంది. 5 మి.మీ. లీడ్ ఉన్న స్క్రూ మీద 0.6 డిగ్రీలంటే 0.008 మి.మీ. మాత్రమే కాబట్టి రాతి పనిలోనూ చెక్క పనిలోనూ ఎవరికీ పట్టదు. బెల్టు మీద అదే సంగతి వేరుగా ఉంటుంది, దాని గురించి కింద రాశాను.

మైక్రోస్టెప్పింగ్ (ఒక స్టెప్పును చిన్న భాగాలుగా చేయడం) పెంచితే కచ్చితత్వం పెరుగుతుందా?

కదలిక నున్నగా అవుతుంది, చప్పుడు తగ్గుతుంది. అందుకోసం 8 లేదా 16 పెట్టుకోవడం మంచి పనే. కానీ కచ్చితత్వం ఆ నిష్పత్తిలో పెరుగుతుందనుకోవడం పొరపాటు. ఒక పూర్తి స్టెప్పును 16 భాగాలు చేసినప్పుడు ఒక్క భాగం కదలడానికి మోటారు ఇవ్వగల టార్క్ దాని హోల్డింగ్ టార్క్‌లో పదో వంతు కంటే కొంచెం తక్కువే, 32 భాగాలు చేస్తే సుమారు 5 శాతం. గైడ్ రైలు రాపిడి అంతకంటే ఎక్కువగా ఉంటే మీరు ఇచ్చిన మొదటి రెండు మూడు పల్సులకు బల్ల కదలనే కదలదు, ఆ తర్వాత ఒక్కసారిగా జరుగుతుంది. డయల్ గేజ్ (సన్నని కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి ఒక్కో పల్సు ఇస్తూ ముల్లును చూస్తే ఇది కళ్లారా కనిపిస్తుంది.

పని మధ్యలో స్థానం తప్పుతోంది. తప్పు మోటారుదా, స్క్రూ వదులుదా ఎలా తెలుసుకోవాలి?

ఈ ప్రశ్నకు జవాబు అంకెలోనే ఉంటుంది, అందుకే దీన్ని కొంచెం వివరంగా చెబుతాను. స్టెప్పర్ పట్టు తప్పినప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఆగదు. అయస్కాంత క్షేత్రం నాలుగు పూర్తి స్టెప్పులకు ఒకసారి తిరిగి అదే స్థితికి వస్తుంది కనుక, తప్పిన రోటారు 7.2 డిగ్రీలు లేదా దాని గుణిజాలు దాటిన తర్వాతే మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటుంది. 5 మి.మీ. లీడ్ స్క్రూ మీద అది సరిగ్గా 0.1 మి.మీ. 8 మి.మీ. లీడ్ మీద 0.16 మి.మీ. 20 పళ్ల పుల్లీతో 2 మి.మీ. పిచ్ బెల్టు వాడితే 0.8 మి.మీ. అంటే మీ 1605 యాక్సిస్‌లో తప్పు 0.1, 0.2, 0.4 ఇలా మెట్లుగా పెరుగుతుంటే స్టెప్పులు పోతున్నాయి. ప్రతిసారీ 0.03 లేదా 0.05 దగ్గరే ఉండి, దిశ మారినప్పుడల్లా కనిపించి, దిశ మారకపోతే కనిపించకుండా ఉంటే అది నట్‌లోనో, మోటారునూ స్క్రూనూ కలిపే కప్లింగ్‌లోనో ఉన్న వదులు. అటూ ఇటూ కాకుండా రోజంతా నెమ్మదిగా ఒకే వైపు పాకుతుంటే కప్లింగ్ స్క్రూ జారుతోందని గాని, వేడికి స్క్రూ సాగుతోందని గాని అనుమానించాలి.

ఒకసారి కరీంనగర్ దగ్గరి ఒక చెక్కుడు షెడ్డు నుంచి పిలుపు వచ్చింది. పలక మీద పై వరుస అక్షరాలు బాగున్నాయి, కింది వరుసలకు వచ్చేసరికి లోతు పెరిగిపోతోంది. పని మొదట్లో సాధనం కొన తాకిన స్థానాన్ని డయల్ గేజ్‌తో గుర్తు పెట్టి, గంటన్నర తర్వాత మళ్లీ అదే స్థానానికి పిలిస్తే ముల్లు సరిగ్గా 0.3 కిందికి చూపింది. మెట్ల లెక్కన మూడుసార్లు పట్టు తప్పింది, అదీ ఎప్పుడూ కిందికే. బరువుకు ఎదురుగా ఎత్తేటప్పుడు మాత్రమే స్టెప్పులు పోతున్నాయని దాని అర్థం, ఎందుకంటే ఎత్తవలసినంత ఎత్తకుండా, దిగవలసినంత దిగితే సాధనం ప్రతిసారీ కిందే మిగులుతుంది. గైడ్ బ్లాకులు విప్పితే లోపల రాతి పొడి, నీళ్లు కలిసి సిమెంటులా గట్టిపడి ఉన్నాయి. కడిగి, గ్రీజు పట్టించి, 24 వోల్టుల సప్లై స్థానంలో 36 వోల్టులది పెట్టి, జెడ్ ఎత్తే త్వరణాన్ని సగానికి తగ్గించాను. మోటారు మాత్రం పాతదే. పెద్ద మోటారు కొనడానికి ఆ షెడ్డు యజమాని అప్పటికే డబ్బు పంపబోతున్నారు.

సర్వో తీసుకుంటే ఈ బాధలన్నీ తీరిపోతాయా?

స్టెప్పులు పోయే బాధ తీరుతుంది. సర్వో ప్రతిక్షణం తన షాఫ్ట్ ఎక్కడుందో ఎన్‌కోడర్ అనే స్థానం కొలిచే పరికరంతో చూసుకుంటూ, తేడా వస్తే కరెంటు పెంచి వెనక్కి లాగుతుంది. 400 వాట్ల సాధారణ సర్వో 3000 ఆర్‌పీఎం వరకు 1.27 న్యూటన్ మీటర్లు నిరంతరంగా ఇస్తుంది, కొద్దిసేపు దానికి సుమారు మూడు రెట్లు ఇవ్వగలదు. వేగం పెరిగినా పట్టు సడలకపోవడం దాని అసలు గుణం. నిలబడి ఉన్నప్పుడు భారానికి తగినంత కరెంటే తీసుకుంటుంది కాబట్టి స్టెప్పర్ అంత వేడెక్కదు కూడా.

అయితే సర్వో నిశ్చలంగా నిలబడిందని మనకు అనిపించినప్పుడు కూడా అది లోపల ఎన్‌కోడర్ ఒకటి రెండు గీతల మేర అటూ ఇటూ సవరించుకుంటూనే ఉంటుంది. ఆ సవరింపు ఎంత గట్టిగా జరగాలో నిర్ణయించే గెయిన్లు సరిగా పెట్టకపోయినా, స్క్రూలో రాపిడి ఎక్కువగా ఉన్నా ఆ సవరింపు సన్నని గీ అనే చప్పుడుగా, కొన్నిసార్లు పలక మీద అలలుగా బయటపడుతుంది. మరో మాట, 17 బిట్ల ఎన్‌కోడర్ చుట్టుకు 1,31,072 గీతలు ఇస్తుందని చెప్పి అమ్ముతారు. 5 మి.మీ. లీడ్ మీద అది మిల్లీమీటరులో పాతికవేల వంతు కంటే చిన్నది. కానీ మీరు బిగించిన సీ7 తరగతి బాల్ స్క్రూ 300 మి.మీ. పొడవులో 0.05 మి.మీ. వరకు తప్పవచ్చునని దాని తయారీ ప్రమాణమే అనుమతిస్తుంది. ఆ స్క్రూకు 23 బిట్ల ఎన్‌కోడర్ పెట్టడం సైకిలుకు విమానం స్పీడోమీటరు బిగించినట్టు ఉంటుంది.

క్లోజ్డ్ లూప్ స్టెప్పర్ మధ్యేమార్గమా?

చిన్న వర్క్‌షాపులకు నా మొదటి సలహా అదే. వెనక చిన్న ఎన్‌కోడర్ ఉన్న స్టెప్పర్ అది. పట్టు తప్పితే సరిచేసుకుంటుంది, సరిచేసుకోలేకపోతే అలారం ఇస్తుంది, ఆ అలారం తీగను కంట్రోలర్‌కు కలిపితే యంత్రం రాయి పాడుచేయకముందే ఆగుతుంది. అలారం తీగ కలపకుండా వదిలేస్తే సగం డబ్బు వృథా. నెమ్మదిగా జరిగే, ఎక్కువసేపు నిలబడే యాక్సిస్‌లకు సర్వో కంటే ఇదే నాకు నచ్చుతుంది. అయితే ఎన్‌కోడర్ మోటారు వెనక ఉంటుంది కాబట్టి కప్లింగ్‌కు అవతల జరిగే మోసం దానికి గాని, సర్వోకు గాని తెలియదు. అది కూడా తెలియాలంటే బల్ల పక్కన లీనియర్ స్కేలు బిగించుకోవాలి.

కరెంటు పోయినప్పుడు జెడ్ యాక్సిస్ ఒకరోజు ఆగుతోంది, ఒకరోజు జారుతోంది. ఎందుకు?

కరెంటు లేకపోయినా స్టెప్పర్‌లోని శాశ్వత అయస్కాంతం కొంచెం పట్టి ఉంచుతుంది, దాన్ని డిటెంట్ టార్క్ అంటారు. 1.8 న్యూటన్ మీటర్ల మోటారులో అది 0.07 ప్రాంతంలో ఉంటుంది. పైన మన లెక్కలో 10 కిలోల స్పిండిల్‌ను నిలబెట్టడానికి కావలసింది కూడా 0.07. రెండూ సరిసమానంగా తూగుతున్నప్పుడు బేరింగు బిగువు, గ్రీజు చిక్కదనం, బల్ల మీద ఎవరో చెయ్యి వేయడం వంటి చిన్న విషయాలే తీర్పు చెబుతాయి. చలికాలం ఉదయం ఆగిన జెడ్, మే నెల మధ్యాహ్నం గ్రీజు పలచబడ్డాక జారడం అందువల్లే. 10 మి.మీ. లీడ్ ఉన్న 1610 స్క్రూ అయితే సందేహం ఉండదు, భారం రెట్టింపు కాబట్టి జారుతుంది.

కరెంటు తిరిగి వచ్చాక మరో చిన్న చిక్కు ఉంది. డ్రైవర్ తన మొదటి అయస్కాంత స్థితి నుంచి మొదలుపెడుతుంది కనుక రోటారు దగ్గరలో ఉన్న ఆ స్థితికి ఎగిరి కూర్చుంటుంది. ఆ ఎగురుడు రెండు పూర్తి స్టెప్పుల వరకు ఉండవచ్చు, 5 మి.మీ. లీడ్ మీద 0.05 మి.మీ. కాబట్టి జెడ్ జారలేదని మీకు కనిపించినా హోమింగ్ (యంత్రాన్ని మొదటి గుర్తుకు తీసుకెళ్లి స్థానం మళ్లీ లెక్కించడం) చేయకుండా ఆగిన చోటి నుంచి పని కొనసాగించవద్దు. కంట్రోలర్‌కు మాత్రం యూపీఎస్ పెట్టి, మోటార్లకు పెట్టకపోవడం ఇక్కడ అందరూ చేసే పని. దానివల్ల కంప్యూటర్‌కు స్థానం గుర్తుంటుంది, యంత్రం మాత్రం ఆ స్థానంలో ఉండదు.

బ్రేక్ ఎలాంటిది తీసుకోవాలి, ఎలా కలపాలి?

స్ప్రింగు పట్టుకుని, కరెంటు ఇస్తే వదిలే రకం తీసుకోవాలి. సాధారణంగా 24 వోల్టుల డీసీ మీద పనిచేస్తుంది. సర్వో లేదా స్టెప్పర్ వెనక బిగించి వచ్చే ఈ బ్రేక్ ఆగిన షాఫ్ట్‌ను పట్టి ఉంచడానికే పుట్టింది, తిరుగుతున్నదాన్ని ఆపడానికి కాదు. రోజూ దానితో వేగం ఆపితే లైనింగు త్వరగా అరిగిపోతుంది.

కలపడంలో క్రమం ముఖ్యం. మోటారు పట్టు అందుకున్న తర్వాతే బ్రేక్ వదలాలి, బ్రేక్ పట్టిన తర్వాతే మోటారు పట్టు వదలాలి. సర్వో డ్రైవర్లలో దీనికోసమే బ్రేక్ అవుట్‌పుట్, ఆలస్యం పెట్టుకునే పారామీటరు ఉంటాయి. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు ఈ క్రమం సాధ్యం కాదు, బ్రేక్ పట్టడానికి పట్టే కొన్ని పదుల మిల్లీసెకన్లు జెడ్ స్వేచ్ఛగానే ఉంటుంది. మన 10 కిలోల యాక్సిస్ 50 మిల్లీసెకన్లలో ఒక మి.మీ. వరకు దిగవచ్చు. గాలిలో వదిలిన రాయి అదే సమయంలో 12 మి.మీ. దిగుతుంది. స్క్రూ, రోటారు తిరగడం మొదలుపెట్టడానికి సమయం తీసుకుంటాయి కాబట్టే మనం ఒక మిల్లీమీటరుతో బయటపడతాం.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. బ్రేక్ కాయిల్‌కు అడ్డంగా రక్షణ కోసం మామూలు డయోడు పెడితే, స్విచ్ తీసిన తర్వాత కూడా కాయిల్‌లోని కరెంటు ఆ డయోడు గుండా చుట్టు తిరుగుతూ మెల్లగా చల్లారుతుంది, బ్రేక్ ఆలస్యంగా పడుతుంది. డయోడుకు బదులు, వోల్టేజీ బాగా పెరిగితేనే కరెంటును పోనిచ్చే వారిస్టర్ పెడితే కరెంటు త్వరగా ఆరిపోయి, బ్రేక్ వెంటనే పడుతుంది. నిలువు యాక్సిస్‌లో ఈ రెండింటి మధ్య తేడా సాధనం కొన విరగడమా, మిగలడమా అన్నంత ఉంటుంది.

వేసవిలో మోటారు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. ప్రమాదమా?

మే నెలలో మన దగ్గర బయటే 43, 44 డిగ్రీలు ఉంటుంది, రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. స్టెప్పర్ నిలబడి ఉన్నప్పుడు కూడా కరెంటు తీసుకుంటూనే ఉంటుంది కాబట్టి పనిలేకపోయినా వేడెక్కుతుంది. బి తరగతి ఇన్సులేషన్ ఉన్న మోటారు లోపలి కాయిల్ 130 డిగ్రీల వరకు తట్టుకుంటుంది, పైన తొడుగు 80 వరకు వెళ్లినా మోటారుకు హాని లేదు. మన చెయ్యి 60 దగ్గరే వెనక్కి వస్తుంది కనుక చెయ్యి ఇక్కడ సరైన కొలమానం కాదు. ముప్పు మోటారు చుట్టూ ఉన్నవాటికి. విద్యార్థులు త్రీడీ ప్రింటర్‌లో పీఎల్ఏ ప్లాస్టిక్‌తో మోటారు బ్రాకెట్టు చేసి తెస్తారు. ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఏప్రిల్ చివరి ప్రాజెక్టు ప్రదర్శన రోజున బ్రాకెట్టు వంగి, స్క్రూ బిగుసుకుపోయిన సందర్భం నా బల్ల మీదే జరిగింది. నిలబడి ఉన్నప్పుడు సగం కరెంటు పెడితే వేడి నాలుగో వంతుకు తగ్గుతుంది, భారం అనుమతిస్తే ముందు ఆ పని చేయండి.

వేడి స్క్రూను కూడా సాగదీస్తుంది. ఒక మీటరు స్టీలు స్క్రూ పది డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.12 మి.మీ. పొడుగవుతుంది. ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి ఒకే కొలత రాలేదని మోటారును మార్చే ముందు ఈ అంకెను ఒకసారి తలుచుకోవాలి.

బెల్టుతో నడిచే యాక్సిస్‌కు పట్టు ఎంత ఉంటుంది?

తక్కువ. 20 పళ్ల పుల్లీ ఒక చుట్టుకు 40 మి.మీ. జరుపుతుంది, అంటే 1605 స్క్రూతో పోలిస్తే మోటారు మీద ఎనిమిది రెట్ల భారం. 0.4 న్యూటన్ మీటర్ల నెమా 17 మోటారు బిగించి బల్లను 10 న్యూటన్లతో, అంటే కిలో బరువంత నెడితే అది 0.02 మి.మీ. పక్కకు వంగుతుంది. 50 న్యూటన్లతో నెడితే 0.12 మి.మీ. వంగుతుంది, ఇంకొంచెం నెడితే పట్టు తప్పుతుంది. బెల్టు సాగడం దీనికి అదనం. పెన్నుతో గీసే, జిగురు చుక్కలు పెట్టే, లేజర్‌తో కోసే యంత్రాలకు బలం అవసరం లేదు కాబట్టి బెల్టు బాగుంటుంది. రాయికి, లోహానికి పనికిరాదు. నిలువుగా ఎప్పుడూ వద్దు.

రోజుకు ఒకటి రెండుసార్లే జరిపే యాక్సిస్‌కు కూడా ఇవన్నీ కావాలా?

అవసరం లేదు. మిర్చి సంచుల ప్యాకింగ్ యూనిట్లో సంచి ఎత్తును బట్టి కుట్టు యంత్రం తలను పైకి కిందికి జరిపే ఏర్పాటు ఒకసారి సరిచేస్తే ఆ లాటు అయ్యేవరకు కదలదు. అలాంటిచోట స్టెప్పర్ పెట్టి రోజంతా కరెంటుతో పట్టించి ఉంచడం దండగ. చిన్న లీడ్ ఉన్న ట్రెపిజాయిడల్ స్క్రూకు వార్మ్ గేరు (మర ఉన్న ఇరుసు పళ్ల చక్రాన్ని తిప్పేది) ఉన్న డీసీ మోటారు బిగిస్తే కరెంటు తీసేసినా ఉన్నచోట ఉంటుంది. వార్మ్ గేర్లన్నీ వెనక్కి తిరగవని మాత్రం అనుకోవద్దు. 10కి 1 వంటి తక్కువ నిష్పత్తి ఉన్నవి వెనక్కి తిరగగలవు, 50కి 1 వంటివి సాధారణంగా తిరగవు.

లీనియర్ మోటార్లు, పీజో మోటార్ల సంగతేమిటి?

లీనియర్ మోటారులో స్క్రూ ఉండదు, కరెంటు పోతే పట్టు పూర్తిగా పోతుంది, నిలువుగా వాడాలంటే ఎదురు బరువో బ్రేకో తప్పనిసరి. పీజో మోటారు, అంటే వోల్టేజీకి సాగి ముడుచుకునే సిరామిక్ ముక్కతో కదిలేది, దీనికి పూర్తిగా వ్యతిరేకం. సిరామిక్ ముక్క పట్టాను నొక్కి పట్టి ఉండడం వల్ల కరెంటు లేకుండానే, వేడి లేకుండానే, వణుకు లేకుండానే నిలబడుతుంది. సూక్ష్మదర్శిని బల్లల వంటి చిన్న భారాలకు అది సరిపోతుంది. మన షెడ్డుల్లో దానికి పని తగలడం అరుదు.

పాత ఫొటోకాపీ యంత్రాల నుంచి తీసిన స్టెప్పర్లు వాడవచ్చా?

ప్రాజెక్టుకు వాడవచ్చు, జీతం తెచ్చే యంత్రానికి వద్దు. నాలుగు తీగల మోటారు అయితే రెండేసి తీగలను కలిపి షాఫ్ట్ తిప్పి చూడండి, ఒకే కాయిల్ తీగలు కలిసినప్పుడు షాఫ్ట్ బిగుసుకుంటుంది. రేటెడ్ కరెంటు రాసి లేకపోతే తక్కువతో మొదలుపెట్టి, గంటసేపు నిలబెట్టి తొడుగు ఎంత వేడెక్కిందో చూస్తూ పెంచుకోవాలి. పట్టు ఎంత ఉందో కొలవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. షాఫ్ట్‌కు సరిగ్గా 10 సెం.మీ. చేయి బిగించి, దాని కొనకు కూరగాయల దుకాణంలో వాడే వేలాడే తూకాన్ని తగిలించి, చేతికి లంబంగా మెల్లగా లాగండి. పట్టు తప్పిన క్షణాన తూకం చూపిన కిలోలను 0.98తో గుణిస్తే న్యూటన్ మీటర్లలో హోల్డింగ్ టార్క్ వస్తుంది. 1.8 అని రాసిన మోటారు దగ్గర తూకం 1.8 కిలోలు దాటి చూపాలి. అంతకంటే బాగా తక్కువ చూపితే మోటారును పక్కన పెట్టే ముందు డ్రైవర్ నాలుగో స్విచ్ చూడండి.